విద్యుత్ కారు బుక్ చేశారా? వరుసలో మీ స్థానాన్ని మీరే లెక్కగట్టుకోండి

“బుక్ చేసి రెండు నెలలైంది. షోరూములో అడిగితే ‘వచ్చేస్తుందండీ’ అంటున్నారు. అసలు నా ముందు ఎంతమంది ఉన్నారు?” విద్యుత్ కార్ల గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు అన్నింటికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పడం కన్నా, ఎవరి లెక్క వారే వేసుకునేలా పద్ధతి మొత్తం ఒకచోట పెడుతున్నాను.

రైలు టికెట్టు తీసుకుంటే వెయిటింగ్ లిస్టులో మన సంఖ్య ఎంతో చెబుతారు. ఇవాళ అది ఎంతకు తగ్గిందో కూడా చెబుతారు. వెయ్యి రూపాయల టికెట్టుకు దొరికే ఈ సమాచారం పాతిక లక్షల కారుకు దొరకదు. మా తమ్ముడు షోరూములో చెప్పిన “ఆరు వారాలు” అన్న మాట నమ్మి ఉన్న కారు అమ్మేశాడు. కొత్త కారు వచ్చేసరికి అయిదు నెలలు దాటింది. ఆ అయిదు నెలలూ ఇద్దరు పిల్లల్ని, నడవలేని అమ్మను అద్దె బండ్లలో తిప్పాడు. అతని బుకింగ్ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే అసలు గడువు మొదటి నెలలోనే తెలిసిపోయేది. అందుకే ఈ లెక్క మీద నాకింత పట్టు.

ఒక్క విషయం ముందే చెబుతాను. ఈ పద్ధతితో మీకు తేదీ దొరకదు. “మూడు నుంచి ఆరు నెలలు” అన్నట్టు ఒక వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని నెలనెలా కుదించుకుంటూ రావడమే అసలు పని.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- బుకింగ్ రసీదు: తేదీ, వీలైతే సమయం, బుకింగ్ నంబరు, కట్టిన అడ్వాన్సు
- మీరు ఎంచుకున్న వేరియంటు, బ్యాటరీ సామర్థ్యం, రంగు, ఇంటి ఛార్జరు కావాలన్నారా వద్దన్నారా అన్న వివరం
- ఆ మోడల్‌కు కంపెనీ ప్రకటించిన బుకింగుల సంఖ్య, నెలవారీ అమ్మకాలు
- కేంద్ర ప్రభుత్వ ‘వాహన్’ డాష్‌బోర్డు (బండ్ల రిజిస్ట్రేషన్ల సంఖ్యలు చూపే వెబ్‌సైటు) చూడటానికి ఫోను గానీ కంప్యూటర్ గానీ
- అదే కారు బుక్ చేసినవాళ్ళు కనీసం నలుగురైదుగురి తేదీలు
- ఒక నోటుపుస్తకం. రాసి పెట్టుకోకపోతే నెల తరువాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

1. మీరు ఏ వరుసలో ఉన్నారో ముందు తేల్చుకోండి

చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. దేశమంతటికీ ఒకటే వరుస ఉందని, అందులో మనం ఫలానా చోట నిలబడ్డామని అనుకుంటారు. మన దేశంలో ఎక్కువ కంపెనీలు నెలనెలా ఒక్కో డీలరుకు ఇన్ని కార్లని కేటాయిస్తాయి. డీలరు తన దగ్గర బుక్ చేసినవాళ్ళకు వాటిని వరుసగా ఇస్తాడు. కాబట్టి మీ అసలు వరుస మీ డీలరు దగ్గరి వరుస. అందులోనూ మీ వేరియంటు, మీ రంగు కోరినవాళ్ళ వరుస. రైల్లో జనరల్ కోటాలో వెయిటింగ్ 40 ఉన్నా ఖాయం కావచ్చు, పూల్డ్ కోటాలో 8 ఉన్నా కాకపోవచ్చు. ఇదీ అంతే.

షోరూముకు వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి: “మా బుకింగ్ కంపెనీ సిస్టమ్‌లో ఎక్కిందా, మీ రసీదు పుస్తకంలోనే ఉందా అండీ?” “కార్లు కంపెనీ పేరు పెట్టి పంపుతుందా, మీకు కేటాయిస్తే మీరు పంచుతారా?”

హెచ్చరిక: షోరూములో కట్టిన టోకెన్ డబ్బుకు చేతిరాత రసీదు మాత్రమే ఇచ్చి, కంపెనీ నుంచి మీ ఫోనుకు ఎలాంటి సందేశమూ రాకపోతే, మీరింకా వరుసలో నిలబడనట్టే లెక్క. బుకింగ్ నంబరు చేతికి వచ్చేదాకా వదలకండి. మీ వరుస మొదలయ్యేది ఆ నంబరు పుట్టిన రోజున, డబ్బు కట్టిన రోజున కాదు.

2. వేరియంటు వారీగా విడగొట్టండి

దీని విలువ తెలియాలంటే మహీంద్రా బీఈ 6, ఎక్స్ఈవీ 9ఈ కార్ల బుకింగులు చూడండి. 2025 ఫిబ్రవరి 14న బుకింగులు తెరిస్తే మొదటిరోజే 30,179 వచ్చాయి. అందులో ఎక్స్ఈవీ 9ఈ వాటా 56 శాతం, బీఈ 6 వాటా 44 శాతం. రెండింటిలోనూ కలిపి 73 శాతం మంది అన్నిటికన్నా పై వేరియంటు ప్యాక్ త్రీనే కోరుకున్నారు. కంపెనీ డెలివరీలను కూడా వేరియంటును బట్టే విడతలుగా ప్రకటించింది: ప్యాక్ త్రీ మార్చి మధ్య నుంచి, ప్యాక్ త్రీ సెలెక్ట్ జూన్ నుంచి, ప్యాక్ టూ జూలై నుంచి, ప్యాక్ వన్ ఆగస్టు నుంచి.

ఇప్పుడు ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు మొదటిరోజు ఉదయం తొమ్మిదింటికే ప్యాక్ వన్ బుక్ చేశారు. మరొకరు వారం తరువాత ప్యాక్ త్రీ బుక్ చేశారు. మొదటివారి ముందు దేశంలో ఒక్కరూ లేకపోయినా, ఆగస్టు దాకా ఆయన కారు డెలివరీకే రాదు. అందుకని మీ లెక్క మీ వేరియంటు డెలివరీలు మొదలయ్యే తేదీ నుంచి మొదలుకావాలి. బుకింగ్ తేదీ నుంచి రోజులు లెక్కపెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

శాతాలతో మీ వరుస పొడవు తగ్గించుకోండి. బీఈ 6 ప్యాక్ త్రీ కోరినవారు మొదటిరోజు ఎందరు? 30,179లో 44 శాతం అంటే సుమారు 13,280. అందులో 73 శాతం అంటే సుమారు 9,700. (73 శాతం రెండు కార్లకూ కలిపి చెప్పినది. ఒక్కోదానికి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.) భయపెట్టిన ముప్పై వేలు పదివేల లోపుకు దిగింది.

కంపెనీ శాతాలు చెప్పకపోతే మీ షోరూములోనే అడగండి: “ఇప్పటిదాకా వచ్చిన బుకింగుల్లో ఈ వేరియంటువి పదింటికి ఎన్ని?” సేల్స్ కుర్రవాళ్ళకు ఈ సంఖ్య బాగా గుర్తుంటుంది. దాచవలసిన విషయంగానూ అనిపించదు, చెప్పేస్తారు.

3. మీ ముందున్నవారిని లెక్కపెట్టండి

ఇందుకు మూడు దారులున్నాయి. ఏది కుదిరితే అది, రెండు కుదిరితే మరీ మంచిది.

మొదటి దారి రసీదు సంఖ్యలు. డీలరు రసీదులు వరుస సంఖ్యలతో ఉంటే, అదే షోరూములో బుక్ చేసిన మీ తెలిసినవారి సంఖ్యలు, తేదీలు పక్కపక్కన రాయండి. తేదీతో పాటు సంఖ్య కూడా పెరుగుతూ ఉంటే అది నిజంగా వరుసే. ఒక్కటైనా తిరగబడితే (తరువాత బుక్ చేసినవారి సంఖ్య చిన్నదైతే) ఆ సంఖ్యలను నమ్మకండి. అన్ని మోడళ్ళకూ ఒకే రసీదు పుస్తకం వాడే షోరూములు ఉంటాయి. అప్పుడు మీ సంఖ్య 400 అయినా మీ కారు కోరినవారు అందులో 60 మందే కావచ్చు.

రెండో దారి నేరుగా అడగడం. “నా ముందు ఎంతమంది?” అని అడిగితే జవాబు దాటవేస్తారు. “ఇదే వేరియంటు, ఇదే రంగులో ఇంకా డెలివరీ కావలసిన పాత బుకింగులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయండీ?” అని అడగండి. కంప్యూటర్‌లో చూసి చెప్పగల ప్రశ్న కాబట్టి చూసి చెబుతారు.

మూడోది రోజువారీ అంచనా. కంపెనీ మొదటిరోజు సంఖ్య మాత్రమే చెప్పి ఊరుకుంటే, ఆ వేగమే రోజూ ఉంటుందని అనుకోకండి. మొదటిరోజు బుకింగులు నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళందరివీ కలిపి ఒక్కసారిగా వచ్చిపడినవి. టెస్లా మోడల్ 3ను 2016 మార్చి 31న ఆవిష్కరిస్తే మొదటి 24 గంటల్లో దాదాపు 1,80,000 బుకింగులు, వారానికి 3,25,000 వచ్చాయి. మే మధ్య నాటికి నికరంగా మిగిలినవి సుమారు 3,73,000. అంటే మొదటి వారంలో మూడు లక్షలు దాటినది, తరువాతి అయిదారు వారాల్లో అర లక్షకు కొద్దిగా తక్కువే పెరిగింది. మీరు పదో రోజున బుక్ చేసి ఉంటే, పన్నెండో రోజున బుక్ చేసినవారికీ మీకూ పెద్ద తేడా ఉండదు. మొదటిరోజువాళ్ళందరూ మీ ముందున్నారన్నదే అసలు విషయం.

4. వెనక్కి తగ్గేవారిని తీసెయ్యండి

బుక్ చేసినవారందరూ కారు తీసుకోరు. ఒకే మనిషి మూడు షోరూముల్లో అడ్వాన్సు కట్టి, ఎక్కడ ముందు వస్తే అక్కడ తీసుకుని మిగతావి రద్దు చేసుకోవడం మన దగ్గర మామూలే. కొందరు ఎదురుచూడలేక వేరే కారుకు వెళతారు. కొందరికి లోను రాదు.

ఎంతమంది తగ్గుతారు? బహిరంగంగా తెలిసిన పెద్ద ఉదాహరణ మళ్ళీ మోడల్ 3దే. 2017 ఆగస్టులో కంపెనీ చెప్పిన ప్రకారం అప్పటిదాకా మొత్తం 5,18,000 బుకింగులు వస్తే 63,000 రద్దయ్యాయి, 4,55,000 మిగిలాయి. అంటే 12 శాతం. అప్పటికి డెలివరీలు మొదలై నెలైనా సరిగ్గా కాలేదు. నా లెక్కల్లో నేను మధ్యస్థంగా 12 శాతం, జాగ్రత్త పడాలంటే 5 శాతం, ఆశాజనకంగా 20 శాతం తీసుకుంటాను. అడ్వాన్సు తిరిగి రాని పద్ధతి అయితే 5 శాతం మించి తీసుకోకండి.

5. వరుస ఎంత వేగంగా కదులుతోంది?

తిరుమల వెళ్ళేవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కంపార్టుమెంట్లు ఎన్ని నిండాయన్నది ఒక్కటే తెలిస్తే దర్శనం ఎప్పుడో తెలియదు. వరుస ఎంత వేగంగా కదులుతోందో కూడా తెలియాలి. మన లెక్క మొత్తంలో ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇదే, కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం.

కంపెనీ ప్రకటించిన లక్ష్యంతో ఎప్పుడూ భాగించకండి. మోడల్ 3ను 2017 డిసెంబరు ఆఖరుకల్లా వారానికి 5,000 తయారు చేస్తామని టెస్లా చెప్పింది. దాన్ని నమ్మినవారు 2018 మొదటి 26 వారాల్లో 1,30,000 కార్లు వస్తాయని లెక్కవేసుకున్నారు. వచ్చినవి 38,344. వారానికి 5,000 అన్న మాట నిలబడింది 2018 జూన్ చివరి వారంలో. మూడేసి నెలల లెక్క చూస్తే కొత్త కారు తయారీ ఎలా ఊపందుకుంటుందో తెలుస్తుంది: 260, తరువాత 2,425, తరువాత 9,766, తరువాత 28,578. మొదటి ఆరు నెలలు చూసి నిరాశపడినవారి లెక్క తప్పింది, లక్ష్యాన్ని నమ్మినవారి లెక్కా తప్పింది.

అన్ని కార్లూ ఇలా ఉండవు. ఎంజీ విండ్‌సర్‌కు 2024 అక్టోబరు 3న బుకింగులు తెరిస్తే 24 గంటల్లో 15,176 వచ్చాయి. దసరా రోజున, అక్టోబరు 12న, డెలివరీలు మొదలయ్యాయి. డిసెంబరు ఆఖరుకు 10,000కు కొంచెం పైగా అమ్ముడయ్యాయి. మొదటి నెల నుంచే నెలకు మూడువేల పైచిలుకు. ఇలా నిలకడగా కదిలే వరుసకు మామూలు భాగహారం సరిపోతుంది: 15,176ను 3,350తో భాగిస్తే నాలుగున్నర నెలలు. మహీంద్రా కార్లు రెండూ కలిపి ఏడు నెలల్లో 30,000 దాటాయి, అంటే నెలకు సగటున 4,300 దాకా.

మీ కారు ఏ రకమో తెలియాలంటే ఇలా చేయండి.

డెలివరీలు మొదలై మూడు నెలలు దాటిందా? చివరి మూడు నెలల సగటు తీసుకోండి. మూడు నెలలు కాలేదా? చివరి నెల సంఖ్యనే తీసుకుని, అది పెరగదనే అనుకోండి. పెరిగితే ఆ లాభం మీకే.

సంఖ్య ఎక్కడిదో చూసుకోండి. కంపెనీలు నెలాఖరున చెప్పే అమ్మకాలు చాలాసార్లు డీలర్లకు పంపిన కార్ల సంఖ్య. రోడ్డు మీదికి వచ్చినవి తెలియాలంటే రిజిస్ట్రేషన్లు చూడాలి. వాహన్ డాష్‌బోర్డులో రాష్ట్రం, రవాణా కార్యాలయం, తయారీదారు, ఇంధనం, నెల ఎంచుకుని చూడవచ్చు. అక్కడ రెండు చిక్కులున్నాయి. మోడల్ వారీగా విడదీసి చూపించదు, తయారీదారు మొత్తమే చూపుతుంది. కాబట్టి ఒక కంపెనీ రెండు మూడు విద్యుత్ కార్లు అమ్ముతుంటే అన్నీ కలిసిపోతాయి. రెండోది, తెలంగాణ రిజిస్ట్రేషన్లు చాలా ఏళ్ళు ఆ డాష్‌బోర్డులో కలవలేదు. హైదరాబాద్ పాఠకులు తమ రాష్ట్రం సంఖ్యలు కనిపిస్తున్నాయో లేదో ముందు చూసుకోవాలి. సున్నా కనిపిస్తే కార్లు రాలేదని అర్థం కాదు.

పంపిన కార్ల కన్నా రిజిస్ట్రేషన్లు బాగా తక్కువ ఉంటే కార్లు స్టాక్‌యార్డుల్లో నిలిచి ఉన్నాయని అర్థం. అది మీకు శుభవార్త. మరుసటి నెల వరుస వేగంగా కదలవచ్చు.

సరఫరా దెబ్బతినే సంగతి కూడా మరవకండి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన మృత్తికల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. విద్యుత్ మోటార్లలో వాడే అయస్కాంతాలకు అవే ఆధారం. ఇలాంటి వార్త కనబడినప్పుడు, ఏడో మెట్టులో వేసే నెమ్మది లెక్కలో ఒక నెల కలుపుకోండి, అక్కడి వేగపు లెక్కను మాత్రం కదపకండి.

6. ఛాసిస్ నంబర్లతో సరిచూసుకోవడం (ఓపిక ఉన్నవారికి)

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని యుద్ధ ట్యాంకులు చేస్తోందో మిత్రరాజ్యాలకు తెలియలేదు. పట్టుబడిన ట్యాంకుల భాగాల మీది వరుస సంఖ్యలను బట్టి గణాంక నిపుణులు లెక్కగట్టారు. 1942 ఆగస్టుకు గూఢచారులు చెప్పినది 1,550. సంఖ్యల లెక్కలో తేలినది 327. యుద్ధం ముగిశాక జర్మన్ దస్త్రాల్లో దొరికినది 342. ఈ పద్ధతి కార్లకూ పనికి వస్తుంది.

కారు ఛాసిస్ నంబరులో 17 అక్షరాలుంటాయి. చివరి అంకెలు సాధారణంగా తయారీ వరుస సంఖ్య. ఈ నెల డెలివరీ తీసుకున్నవారిలో అయిదుగురిని చివరి ఆరు అంకెలు మాత్రమే చెప్పమని అడగండి. సూత్రం చిన్నది: అన్నింటిలోకీ పెద్ద సంఖ్యను, ఎన్ని సంఖ్యలు దొరికాయో దానితో భాగించి, వచ్చినది ఆ పెద్ద సంఖ్యకే కలిపి, ఒకటి తీసెయ్యండి. ఉదాహరణకు అయిదు సంఖ్యలు దొరికి, పెద్దది 7,000 అయితే: 7,000 + 1,400 – 1 = 8,399. దాదాపు 8,400 కార్లు తయారయ్యాయని అంచనా. వచ్చే నెల మళ్ళీ చేసి తేడా చూడండి. ఆ తేడాయే నెల తయారీ.

సంఖ్యలు ఒకటి నుంచి మొదలుకాకపోవచ్చు, రెండు మోడళ్ళకు ఒకే వరుస ఉండవచ్చు. అందుకే ఒక్క నెల అంచనాను వాడకండి, రెండు నెలల తేడాను మాత్రమే వాడండి. ఎవరినీ ఛాసిస్ నంబరు మొత్తం అడగకండి, మీదీ ఎవరికీ ఇవ్వకండి. అది బండి గుర్తింపు.

ఓపిక లేకపోతే ఈ మెట్టు వదిలేయండి. అయిదో మెట్టు బాగా చేస్తే చాలు.

7. లెక్క వేయండి

సంఖ్యలు ఊహించినవి. మీవి పెట్టి ఇలాగే చేయండి. విజయవాడలో ఒక షోరూము. మీకన్నా ముందు 140 బుకింగులు. అందులో మీ వేరియంటువి 40 శాతం, అంటే 56. ఇప్పటికి ఆ వేరియంటు 14 మందికి అందింది. షోరూముకు నెలకు 22 కార్లు వస్తున్నాయి, అందులో మీ వేరియంటువి సుమారు 9.

మధ్యస్థంగా: 56లో 12 శాతం రద్దు అనుకుంటే మిగిలేవి 49. అందినవి 14 తీసేస్తే 35. నెలకు 9 చొప్పున దాదాపు నాలుగు నెలలు.

వేగంగా: 20 శాతం రద్దు, నెలకు 11 కార్లు. 45 – 14 = 31. మూడు నెలల లోపే.

నెమ్మదిగా: 5 శాతం రద్దు, నెలకు 6 కార్లు. 53 – 14 = 39. ఆరున్నర నెలలు.

నోటుపుస్తకంలో “మూడు నుంచి ఆరున్నర, మధ్యలో నాలుగు” అని, పక్కన ఈనాటి తేదీ వేసి రాసుకోండి. షోరూములో మీకు “ఆరు వారాలు” అని చెప్పి ఉంటే, అది మీ వేగపు లెక్క కన్నా కూడా తక్కువ అని ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. మళ్ళీ వెళ్ళి గట్టిగా అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంది.

8. మన క్యాలెండరుతో సర్దుకోండి

కంపెనీ లెక్కల్లో కనిపించని విషయం ఇది. ఆషాఢంలోనూ, పుష్యంలోనూ మనవాళ్ళు చాలామంది బండి ఇంటికి తెచ్చుకోరు. అమావాస్య ముందు రోజుల్లోనూ తీసుకోరు. కారు షోరూముకు వచ్చినా “శ్రావణంలో తీసుకుంటామండీ” అంటారు. ఆ నెలల్లో మీ ముందున్నవారిలో కొందరు తాత్కాలికంగా పక్కకు తప్పుకుంటారు. మీకు పట్టింపు లేకపోతే షోరూములో ముందే చెప్పి పెట్టండి: “ఆషాఢంలో వచ్చినా తీసుకుంటాం, ఎవరైనా వాయిదా వేస్తే మాకు ఫోను చేయండి.” నెలన్నర ముందే కారు అందుకున్నవారిని నేను చూశాను. పట్టింపు ఉంటే తప్పేమీ లేదు, మీ లెక్కకు ఆ నెల కలుపుకోండి.

దసరాకు, ధనత్రయోదశికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందరికీ అదే రోజు కావాలి. కారు సిద్ధంగా ఉన్నా రిజిస్ట్రేషన్, బీమా, అప్పగింత పనులకు షోరూములో మనుషులు చాలరు. పండుగకు కావాలనుకుంటే పది రోజుల ముందే కాగితాలన్నీ పూర్తి చేయించుకోండి.

రంగు మార్చుకునే వీలుంటే అదీ ఒక దారి. “ఏ రంగైనా సరే” అన్నవారికి, ఇతరులు వదులుకున్న కారు దొరికే అవకాశం ఎక్కువ. కానీ మార్చే ముందు “రంగు మారిస్తే పాత బుకింగ్ తేదీ నిలుస్తుందా?” అని రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల మార్పు చేస్తే బుకింగ్ కొత్తదై వరుస చివరికి పోతుంది. వేరియంటు మార్చినప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

9. నెలకోసారి సరిచూడండి

ప్రతి నెలా ఒకటి రెండు తేదీల్లో మూడు ప్రశ్నలు: గత నెల మా వేరియంటు ఎన్ని వచ్చాయి? ఎన్ని ఇచ్చారు? ఆఖరుగా ఇచ్చినవారి బుకింగ్ తేదీ ఏది?

మూడోదే బంగారం. గత నెల ఆఖరుగా అందుకున్నవారి బుకింగ్ తేదీ మార్చి 3, ఈ నెల మార్చి 12 అనుకోండి. వరుస నెలరోజుల్లో తొమ్మిది రోజులు కదిలింది. మీది మార్చి 30 అయితే ఇంకా 18 రోజుల బుకింగులు ఉన్నాయి, అంటే ఇదే వేగంతో రెండు నెలలు. ఈ లెక్కకు శాతాలు, రద్దులు ఏవీ అక్కర్లేదు. ఏడో మెట్టులో వచ్చిన జవాబుకూ దీనికీ నెలకు మించి తేడా ఉంటే, ఏడో మెట్టులో ఏదో సంఖ్య తప్పు. సాధారణంగా షోరూముకు నెలకు వచ్చే కార్ల సంఖ్యే తప్పుతుంది.

మీ తరువాత బుక్ చేసినవారికి అదే వేరియంటు, అదే రంగు, అదే షోరూములో ముందు అందిందని తెలిస్తే మర్యాదగానే, కానీ రాతపూర్వకంగా కారణం అడగండి. రంగో వేరియంటో తేడా ఉంటే అడగడంలో అర్థం లేదు, వేరే ఊరి షోరూము అయితే అసలే లేదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దేశం మొత్తం బుకింగులను దేశం మొత్తం తయారీతో భాగించి అదే తన గడువు అనుకోవడం. అది వరుసలో అందరికన్నా చివర నిలబడినవారి గడువు. మీరు మొదటిరోజు బుక్ చేసి ఉంటే మీది అందులో చిన్న భాగం, మీ షోరూముకు కేటాయింపు తక్కువైతే అంతకు రెట్టింపు.

మొత్తం బుకింగులు రోజురోజుకూ పెరుగుతున్నాయని కంగారు పడటం. మీ వెనుక చేరేవారు మీ గడువును పెంచరు.

రెండు షోరూముల్లో బుక్ చేసి రెండు గడువులు కూడటమో సగం చేయడమో. రెండూ విడివిడి వరుసలు. ఏది ముందైతే అది.

లెక్క తేలాక ఏం చేయాలి?

పాత కారు అమ్మకం, లోను, ఇంటి ఛార్జరు ఈ మూడింటికీ మూడు వేర్వేరు చివరలు పట్టుకోండి. పాత కారు అమ్మకాన్ని నెమ్మది లెక్కకు కట్టండి, లేదా ఛాసిస్ నంబరు చేతికి వచ్చేదాకా ఆపండి. బ్యాంకు మంజూరు పత్రానికి గడువు ఉంటుంది, పత్రం మీదే రాసి ఉంటుంది. మధ్యస్థ లెక్కకు నెల ముందు దరఖాస్తు చేస్తే సరిపోతుంది. ఇంటి ఛార్జరుకు మాత్రం వేగపు లెక్కే పట్టుకోండి. అపార్టుమెంటు సంఘం అనుమతి, మీటరు లోడు పెంపు ముందే మొదలుపెట్టకపోతే కారు వచ్చి సెల్లారులో నిలబడి ఉంటుంది, ఛార్జింగుకు ఊరంతా తిరగవలసి వస్తుంది.

బుకింగ్ పత్రంలో ధర గురించి ఉన్న వాక్యం చదవండి. చాలా పత్రాల్లో డెలివరీనాటి ధరే వర్తిస్తుందని ఉంటుంది.

పన్ను మినహాయింపుల గడువును కూడా నెమ్మది లెక్కతోనే పోల్చాలి. తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు. బుక్ చేసిన తేదీ దీనికి లెక్కలోకి రాదు, రిజిస్ట్రేషనే ముఖ్యం. అమెరికాలో మోడల్ 3 కోసం ఎదురుచూసినవారికి ఇదే అనుభవమైంది. 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ 2019 జనవరి 1న సగానికి తగ్గింది. 35,000 డాలర్ల చౌక వేరియంటు కోసం ఆగినవారికి అది ఆర్డరుకు దొరికింది ఫిబ్రవరి 28న. మీ నెమ్మది లెక్క గడువు దాటుతుంటే ఇప్పుడే వేరే రంగు, వేరే షోరూము, స్టాకులో ఉన్న వేరియంటు చూడటం మొదలుపెట్టండి. పాతిక లక్షల కారుకు ఆ పన్ను చిన్న మొత్తం కాదు.

షోరూము నుంచి “మీ కారు కేటాయించాం” అని ఫోను వచ్చిన రోజున ఛాసిస్ నంబరు అడగండి. నంబరు చెప్పకుండా మిగతా డబ్బు మొత్తం కట్టమంటే కట్టకండి. నంబరు వచ్చాక కారు షోరూముకు చేరిందా, దారిలో ఉందా అని అడిగి, చేరితే వెళ్ళి చూసి, తలుపు దగ్గరి పలక మీద ఉన్న తయారీ నెల, నంబరు మీ ఇన్‌వాయిస్‌తో సరిపోయాయో లేదో మీ కళ్ళతో పోల్చుకోండి. డిసెంబరులో తయారైన కారు జనవరిలో ఇస్తుంటే తయారీ సంవత్సరం పాతదవుతుంది, దానికి తగ్గింపు అడిగే హక్కు మీకుంది. ఆ రోజే మీ బుకింగ్ తేదీ, కేటాయింపు తేదీ, వేరియంటు, రంగు నోటుపుస్తకంలో రాసి, మీ వెనుక నిలబడినవారికి చెప్పండి. మీరు లెక్క మొదలుపెట్టినప్పుడు వెతుక్కున్న ఆ నలుగురైదుగురి తేదీల్లో వాళ్ళకు ఒకటి దొరుకుతుంది.